డీహెచ్‌సీపీ సర్వర్ ఎంత పెద్దది కావాలి? కొటేషన్ పక్కన పెట్టి ముందు లెక్క వేద్దాం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నల్గొండలో కొత్తగా కట్టిన ఐదంతస్తుల భవనంలోకి మీ ఆఫీసు మారుతోంది. సిబ్బంది 1,800 మంది. మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్‌లో బ్రాంచీలున్నాయి. అన్నింటికీ ఐపీ అడ్రసులు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్‌కు ఎంత కెపాసిటీ కావాలి, ఒకటి చాలా, రెండు కావాలా, బ్రాంచీల్లో వేరే పెట్టాలా? వెండరు 32 కోర్లు, 128 జీబీ ర్యామ్ ఉన్న రెండు సర్వర్లకు కొటేషన్ ఇచ్చాడు, అది న్యాయమేనా?

ముందు జవాబు చెప్పేస్తాను. 2 కోర్లు, 4 జీబీ ర్యామ్, ఒక మామూలు ఎస్‌ఎస్‌డీ ఉన్న వర్చువల్ మెషీన్లు, అంటే పెద్ద మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే చిన్న మెషీన్లు, రెండు చాలు. రెండూ వేర్వేరు గదుల్లో, వేర్వేరు యూపీఎస్‌ల మీద ఉండాలి. బ్రాంచీల్లో సర్వర్లు అక్కర్లేదు. వెండరు చెప్పిన సర్వర్లు ఇంకే పనికైనా కావాలంటే కొనుక్కోండి కానీ డీహెచ్‌సీపీ పేరు చెప్పి మాత్రం కొనకండి. మీ దగ్గర అయిపోయేది సర్వర్ బలం కాదు, అడ్రసుల పూల్, అంటే పంచడానికి పక్కన పెట్టుకున్న అడ్రసుల నిల్వ. ఇరవై రెండేళ్లుగా నల్గొండ, పాలమూరు జిల్లాల్లో నెట్‌వర్క్ పనులు చేస్తున్నాను. సర్వర్ చిన్నదై డీహెచ్‌సీపీ ఆగిపోవడం నేను చూసింది ఒక్కసారే, అది కూడా డిస్క్ వల్ల. పూల్ అయిపోయి ఆగిపోవడం మాత్రం లెక్కలేనన్ని సార్లు చూశాను.

వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ వైపు వెళ్తే రైస్ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి కదా. అక్కడ టోకెన్ రాసే గుమాస్తాకు చేతినొప్పి వచ్చి పని ఆగదు. లోపల దించుకోవడానికి జాగా లేక ఆగుతుంది. గుమాస్తాకు ఖరీదైన పెన్ను కొనిచ్చినా లైను కదలదు. వెండరు ఇచ్చిన కొటేషన్ ఆ పెన్నుకే.

సర్వర్ మీద పడే భారం ఎంత?

మీరు రాసిన వివరాలను బట్టి ఇలా లెక్క వేశాను. డెస్క్‌టాప్‌లు 1,300. ల్యాప్‌టాప్‌లు 400, కానీ ఒక్కోటి టేబుల్ మీద కేబుల్‌తో ఒక అడ్రసు, వైఫైలో ఇంకో అడ్రసు తీసుకుంటుంది కాబట్టి 800. ఐపీ ఫోన్లు 500, కెమెరాలు 220, ప్రింటర్లు 80, వైఫై యాక్సెస్ పాయింట్లు 90, వేలిముద్ర మెషీన్లు ఓ 20. సిబ్బంది సెల్‌ఫోన్లు 2,000 వేసుకోండి, రెండు ఫోన్లు వాడేవాళ్లు ప్రతి సెక్షన్‌లో ఉంటారు. వచ్చిపోయే జనానికి 400. బ్రాంచీలు నాలుగూ కలిపి 600. మొత్తం 6,000కు కాస్త అటూఇటూ.

ఇప్పుడు ఆ 6,000 మంది సర్వర్‌ను ఎంత సతాయిస్తారో చూద్దాం. డీహెచ్‌సీపీలో అడ్రసు శాశ్వతంగా ఇవ్వరు, అద్దెకిస్తారు, దాన్నే లీజు అంటాం. లీజు కాలం సగం గడవగానే పరికరం తనంతట తానే వచ్చి పొడిగించమని అడుగుతుంది. అన్నిటికీ 8 గంటల లీజు పెట్టారనుకుంటే ఒక్కో పరికరం 4 గంటలకోసారి అడుగుతుంది. 4 గంటలంటే 14,400 సెకన్లు. 6,000ను దానితో భాగిస్తే సెకనుకు అర రిక్వెస్టు కూడా రాదు. పొద్దున ఆఫీసు మొదలయ్యే అరగంటలో 4,000 పరికరాలు ఒకేసారి లేచినా సెకనుకు రెండో మూడో. మీ జేబులో ఉన్న ఫోన్ కూడా చేయగలిగిన పని అది.

ర్యామ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక లీజు రికార్డుకు ఒక కిలోబైట్ అని ధారాళంగా వేసుకున్నా 6,000 లీజులకు 6 ఎంబీ. 128 జీబీ దేనికో వెండరునే అడగండి, జవాబు వింటే నవ్వొస్తుంది.

ఈ లెక్క ఒక్క సందర్భంలోనే మారుతుంది, కరెంటు పోయి వచ్చినప్పుడు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం వస్తే ఏమవుతుందో మీకు చెప్పాలా? భవనం మొత్తం ఒక్కసారి చీకటై, జనరేటర్ అందుకున్నాక అన్నీ కలిసి లేస్తాయి. మూడు నిమిషాల్లో 5,400 పరికరాలు అడిగితే సెకనుకు 30. జవాబు ఆలస్యమైనవి మళ్లీ అడుగుతాయి కాబట్టి 60 అనుకోండి. నాలుగు ప్యాకెట్ల సంభాషణ ఇది: ఎవరైనా ఉన్నారా అని పరికరం కేకేస్తుంది, ఇదిగో అని సర్వర్ ఒక అడ్రసు చూపిస్తుంది, అదే ఇవ్వమని పరికరం అడుగుతుంది, సరే అని సర్వర్ ఖాయం చేస్తుంది. పాత లీజు గుర్తున్న పరికరాలైతే చివరి రెండు ప్యాకెట్లతోనే సరిపెడతాయి. ఒక్కో ప్యాకెట్ మూడొందల యాభై బైట్లు వేసుకున్నా మొత్తం సెకనుకు వంద కిలోబైట్లలోపే.

అయితే ఇక్కడే డిస్క్ విషయం ఉంది. డీహెచ్‌సీపీ నియమాలు రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2131 ప్రకారం, సరే అని జవాబిచ్చే ముందే సర్వర్ ఆ లీజును డిస్క్ మీద రాసి పెట్టుకోవాలి. లేకపోతే సర్వర్ రీస్టార్ట్ అయ్యాక ఎవరికి ఏది ఇచ్చిందో మర్చిపోయి, ఒకే అడ్రసు ఇద్దరికి ఇస్తుంది. పాత ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ సాఫ్ట్‌వేర్ దీన్ని అక్షరాలా పాటించేది, ప్రతి లీజుకూ డిస్క్ మీద పడిందని నిర్ధారించుకున్నాకే జవాబిచ్చేది. 7,200 ఆర్‌పీఎమ్ హార్డ్ డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. అంటే ఎంత మంచిగా ఉన్నా సెకనుకు వందకు అటూఇటూ మాత్రమే రాయగలదు.

నేను చూశానన్న ఆ ఒక్క కేసు ఇదే. ఒక ప్రైవేటు సంస్థలో డీహెచ్‌సీపీని పాత డెస్క్‌టాప్ మీద నడిపేవాళ్లు. అది చాలా ఏళ్లు బాగానే నడిచింది. తర్వాత ఎవరో పుణ్యాత్ముడు అదే హార్డ్ డిస్క్ మీదికి ముప్పై కెమెరాల రికార్డింగ్ పెట్టాడు. మామూలు రోజుల్లో తెలియలేదు. మే నెలలో ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చాక, డిస్క్ ఒకపక్క వీడియో రాయలేక, ఇంకోపక్క లీజులు రాయలేక సెకనుకు పదికి పడిపోయింది. జవాబు రాని పరికరాలు 4 సెకన్లకు, 8 సెకన్లకు, 16 సెకన్లకు మళ్లీ మళ్లీ అడిగాయి. పాత అభ్యర్థనలకే జవాబివ్వలేని సర్వర్ ముందు కొత్తవి పేరుకున్నాయి. "సార్, నెట్ వస్తలేదు" అని నాకు ఫోన్ల మీద ఫోన్లు. నేను చేసిందల్లా రికార్డింగ్ ఆపడం. ఐదు నిమిషాల్లో అంతా సర్దుకుంది. అందుకే చెప్తున్నాను, ఎస్‌ఎస్‌డీ పెట్టండి, ఆ డిస్క్ మీద వేరే భారీ రాతపని పెట్టకండి. అంతకుమించి హార్డ్‌వేర్ గురించి ఆలోచించకండి.

అసలు లెక్క పూల్‌ది

పూల్ సైజు లెక్క వేసేటప్పుడు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒకేసారి ఎన్ని పరికరాలు ఉంటాయని లెక్కిస్తారు. లెక్కించాల్సింది అది కాదు. ఒక లీజు కాలంలో ఎన్ని వేర్వేరు పరికరాలు వచ్చి పోతాయో లెక్కించాలి. ఫోన్ వాళ్లతో పాటు గేటు దాటి వెళ్లిపోయినా, దాని పేరు మీద అడ్రసు లీజు ముగిసేదాకా అలాగే ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసిపోయిన మనిషి తాళం చెవి ఇవ్వకుండా పోయినట్టు.

ఒక పెద్ద ఆఫీసు ఉంది, ఎక్కడ అని అడగకండి. అక్కడ సోమవారం జనం అర్జీలు పట్టుకుని వస్తారు. వాళ్ల కోసం ఉచిత వైఫై పెట్టారు. మంచి ఉద్దేశమే. ఆ వైఫైకి /24 ఇచ్చారు, అంటే 254 అడ్రసులు. లీజు మాత్రం విండోస్ సర్వర్‌లో మొదటి నుంచి ఉండే 8 రోజుల సెట్టింగ్‌నే వదిలేశారు. ఏ సమయంలో చూసినా అక్కడ 225 మందికి మించి ఉండరు, కాబట్టి 254 చాలనుకున్నారు. కానీ రోజు మొత్తంలో వచ్చేది 900 మంది. గంటకు 150 మంది వస్తారు, ఒక్కొక్కరు గంటన్నర ఉంటారు. పొద్దున పదింటికి తలుపులు తీస్తే పన్నెండు కాకముందే పూల్ అయిపోతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు వైఫై గుర్తు కనిపిస్తుంది, నెట్ రాదు. మంగళవారం వచ్చినవాళ్లకూ రాదు. వచ్చే సోమవారం నాటికి కూడా పాత లీజులు తీరవు. వెండరు వచ్చి సర్వర్ పాతదైపోయిందని రిపోర్టు రాశాడు!

లీజు ఒక గంటకు తగ్గించి లెక్క చూడండి. లోపల ఉన్న 225 మందికి తోడు, గత గంటలో వెళ్లిపోయిన 150 మంది అడ్రసులు ఇంకా పట్టుకుని ఉంటాయి. 375. దానికి /23 ఇస్తే 510 అడ్రసులు, నాలుగింట మూడొంతులు నిండుతుంది. సరిపోయింది. సర్వర్ అదే పాతది. మూడు నిమిషాల పని.

మీ భవనంలో నాకు భయం వేసే చోటు ఇంకొకటుంది, క్యాంటీన్. మీరు ప్రతి అంతస్తుకూ వైఫైకి వేరే వీల్యాన్, అంటే సొంత అడ్రసులుండే వేరే నెట్‌వర్క్ ముక్క, పెడతామని రాశారు. పెట్టకండి. మధ్యాహ్నం ఒంటిగంటకు నాలుగు అంతస్తుల జనం కిందికి దిగుతారు. ఫోన్లు జేబులోనే ఉంటాయి, కింది అంతస్తు వైఫైకి మారగానే అక్కడ కొత్త అడ్రసు అడుగుతాయి. పై అంతస్తులో తీసుకున్నది అలాగే మిగిలి ఉంటుంది. ఒక్కో ఫోన్ రెండు అడ్రసులు తినేస్తుంది. కింది అంతస్తు పూల్‌ను అక్కడ కూర్చునే 350 మందిని చూసి /23 పెడితే, అన్నం ప్లేటు పట్టుకున్న 1,400 మంది ఫోన్లకు అది ఎక్కడ చాలుతుంది? సిబ్బంది వైఫై అంతా ఒకే గుంపుగా చూసుకుని, రెండు /21లు ఇవ్వండి. ఒక్కో దానిలో 2,046 అడ్రసులు, రెండూ కలిపి 4,092. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కలిపి 2,400 ఉన్నాయి కాబట్టి అరవై శాతం దాటదు. వైఫైలో అంత పెద్ద సబ్‌నెట్ (ఒకే అడ్రసుల గుంపు) పెడితే బ్రాడ్‌కాస్ట్ గోల, అంటే అందరికీ ఒకేసారి వెళ్లే కేకలు, ఎక్కువవుతుందని కొందరంటారు. కంట్రోలర్‌లో బ్రాడ్‌కాస్ట్ అణిచే సెట్టింగ్ ఆన్ చేస్తే ఆ గోల ఉండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కేబుల్ డెస్క్‌టాప్‌లకు అంతస్తుకొక /23. ఐపీ ఫోన్లకు అంతస్తుకొక /24. కెమెరాలు 220 అన్నారు కాబట్టి /24లో ఇరుకవుతుంది, /23 ఇవ్వండి, కెమెరాలు ఏటా పెరుగుతాయే తప్ప తగ్గవు. 10తో మొదలయ్యే ప్రైవేటు అడ్రసుల్లో ఒక కోటీ అరవై ఏడు లక్షలు ఉన్నాయి, పిసినారితనం అక్కర్లేదు. పక్కపక్కనే ఖాళీలు వదిలి కేటాయించుకుంటే రేపు /23ని /22 చేయడం సులువు. ఖాళీ లేకుండా వరసగా పేర్చినవాళ్లు తర్వాత పడే తిప్పలు నాకు తెలుసు, ఎందుకంటే 2009లో అలా పేర్చింది నేనే.

సెల్‌ఫోన్ల గురించి ఒక మాట. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు, దాచి, ఒక్కో వైఫై పేరుకు ఒక్కో దొంగ మ్యాక్ చూపిస్తున్నాయి. ఒకే ఫోన్ సిబ్బంది వైఫైలో ఒక మనిషి, గెస్ట్ వైఫైలో ఇంకో మనిషి. పెద్దసారు ఫోన్‌కు మ్యాక్ పెట్టి అడ్రసు రిజర్వ్ చేశారా? ఆయన ఆ వైఫైని ఫోన్‌లో మరిచిపోయేలా చేసి మళ్లీ కలిపితే ఆ రిజర్వేషన్ గాలికి పోవచ్చు.

లీజు ఎంత పెట్టాలి?

కేబుల్ డెస్క్‌టాప్‌లు, ఐపీ ఫోన్లు, కెమెరాలకు 8 రోజులు. సిబ్బంది వైఫైకి 12 గంటలు. వచ్చిపోయేవాళ్లకు 1 గంట. నేనైతే ఇలా పెడతాను.

కొందరు అన్నింటికీ గంటే పెట్టేస్తారు, పూల్ ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని. దానివల్ల సర్వర్ మీద భారం పెరుగుతుందనేది అసలు సమస్య కాదు, ఆ భారం ఎంత చిన్నదో పైన చూశాం. సమస్య వేరు. సర్వర్ ఆగిపోతే మీ ఆఫీసు ఎంతసేపు తట్టుకుంటుందో నిర్ణయించేది లీజే. పరికరం లీజు సగానికి రాగానే పొడిగించుకుంటుంది కాబట్టి, ఏ క్షణంలో సర్వర్ పడిపోయినా ప్రతి పరికరం చేతిలో కనీసం సగం లీజు ఉంటుంది. 8 రోజుల లీజుకు నాలుగు రోజులు, 12 గంటల లీజుకు ఆరు గంటలు, గంట లీజుకు అరగంట. మీ సర్వర్ పాడైతే హైదరాబాద్ నుంచి మనిషి వచ్చి బాగుచేయడానికి ఎంతసేపు పడుతుందో దానికంటే ఈ సగం ఎక్కువ ఉండాలి.

ఈ సగం లెక్క ఒకచోట నన్ను మోసం చేసింది. అక్కడ లీజు 8 గంటలు, కాబట్టి నాలుగు గంటలు గ్యారంటీ అనుకుని సాయంత్రం రెండు గంటల పాటు సర్వర్ ఆపి మెయింటెనెన్స్ మొదలుపెట్టాను. గంట దాటగానే పరికరాలు ఒక్కొక్కటే నెట్‌వర్క్ నుంచి రాలిపోవడం మొదలైంది. రాత్రంతా కూర్చుని వెతికితే తేలిందేమిటంటే, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్‌లో రిలే, అంటే పరికరాల కేకను సర్వర్‌కు చేరవేసే రౌటర్, దాని నుంచి సర్వర్‌కు మాత్రమే దారి తెరిచారు. కొత్తగా అడ్రసు అడిగే కేక రిలే ద్వారా వెళ్తుంది, అది బాగానే పోయేది. కానీ సగం కాలానికి చేసే పొడిగింపు రిలే ద్వారా వెళ్లదు, పరికరం నేరుగా సర్వర్‌కే పంపుతుంది. అది ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోయేది. లీజులో 87.5 శాతం గడిచాక పరికరం మళ్లీ అందరికీ వినపడేలా కేకేస్తుంది, దాన్ని రిలే అందుకునేది, లీజు పొడిగింపు జరిగేది. అంటే నెలల తరబడి ప్రతి పరికరం ఏడు గంటల దాకా ఆగి, చివరి గంటలో బతికి బయటపడుతోంది. ఎవరికీ తెలియలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నేను నాలుగు గంటలనుకున్నది అసలు ఒక గంటే. మీ ఫైర్‌వాల్‌లో యూడీపీ 67కు, అంటే డీహెచ్‌సీపీ సర్వర్ వినే పోర్టుకు, రిలే అడ్రసుల నుంచే కాదు, పరికరాలుండే అన్ని సబ్‌నెట్‌ల నుంచీ దారి ఉందో లేదో ఇవాళే చూడండి.

రెండు సర్వర్లు ఎందుకు?

భారం పంచుకోవడానికి కాదు. ఒకటి పోతే ఇంకొకటి నడపడానికి. కాబట్టి రెండింటిలో ఏ ఒక్కటైనా మొత్తం ఆఫీసును ఒంటిచేత్తో మోయగలగాలి, అదేమీ పెద్ద పని కాదని పైనే తేలింది.

విండోస్ వాడితే 2012 సర్వర్ నుంచి ఫెయిలోవర్, అంటే ఒకటి పోతే ఇంకొకటి అందుకునే ఏర్పాటు, లోపలే ఉంది. లైనక్స్ అయితే పాత ఐఎస్‌సీ డీహెచ్‌సీపీతో కొత్తగా మొదలుపెట్టకండి, దాన్ని తయారుచేసినవాళ్లే 2022 చివర్లో ఆపేశారు. దాని స్థానంలో వాళ్లే ఇచ్చిన కియా వాడండి. కియా అనగానే పెనుకొండ కారు గుర్తొస్తుంది, ఇది వేరే, న్యూజిలాండ్ చిలక పేరు.

ఫెయిలోవర్ పెట్టినప్పుడు పూల్ విషయంలో ఒక చిక్కు ఉంది. విండోస్‌లో సగం సగం పద్ధతిలో పెడితే, ఖాళీగా ఉన్న అడ్రసులను రెండు సర్వర్లూ పంచుకుంటాయి. 60 ఖాళీ ఉంటే తలా 30. ఒకటి పడిపోతే రెండోది వెంటనే దాని వాటాను ముట్టుకోదు, అది నిజంగా పోయిందని తేలి, పైన ఒక గడువు దాటాలి. విండోస్‌లో ఆ గడువు మొదట ఒక గంట ఉంటుంది. అందుకే పూల్ 95 శాతం నిండినా నడుస్తోంది కదా అనుకోవద్దు. 80 శాతం దాటగానే మీ ఫోన్‌కు అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి.

రెండు సర్వర్లనూ ఒకే మెషీన్ మీద వర్చువల్‌గా పెట్టి రెండున్నాయని చెప్పుకునేవాళ్లను చూశాను. ఇంకా ఘోరం ఒకటి చూశాను, వర్చువల్ మెషీన్లు నడిపే హోస్ట్ తన సొంత అడ్రసును డీహెచ్‌సీపీ నుంచే తీసుకునేది. ఆ డీహెచ్‌సీపీ సర్వర్ దాని లోపలే. కరెంటు పోయి వచ్చాక హోస్ట్‌కు అడ్రసు దొరకలేదు, దానిలోకి వెళ్లి సర్వర్‌ను లేపే దారి లేదు. తాళం చెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు. హోస్ట్‌లు, స్విచ్‌లు, డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ సర్వర్లకు అడ్రసు చేత్తోనే రాయాలి.

బ్రాంచీలు

మహబూబ్‌నగర్, సూర్యాపేట లాంటి పెద్ద బ్రాంచీల్లో రౌటర్‌లో రిలే పెట్టి నల్గొండలోని రెండు సర్వర్ల అడ్రసులూ ఇవ్వండి. ఒక్కటే ఇచ్చి రెండోది మర్చిపోవడం మామూలుగా జరిగే తప్పు. మొదటి సర్వర్ పోయినరోజే అది బయటపడుతుంది. లింకు మీద జవాబు కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైనా ఎవరికీ తెలియదు.

అసలు ప్రశ్న లింకు తెగితే ఏమిటి అని. రోడ్డు పనుల్లో జేసీబీ ఫైబర్‌ను తెంపడం మనకు కొత్తేం కాదు. లీజు 8 రోజులుంటే నడుస్తున్న కంప్యూటర్లు నాలుగు రోజులు నడుస్తాయి. అదే సమయంలో కరెంటు కూడా పోయి వస్తే? విండోస్ కంప్యూటర్లు పాత లీజు గడువు మిగిలి ఉండి, గేట్‌వే, అంటే బయటికి దారి చూపే రౌటర్, పింగ్‌కు పలికితే పాత అడ్రసుతోనే నడిచిపోతాయి. ఐపీ ఫోన్లు, కెమెరాలు అంత తెలివిగా ఉంటాయని నమ్మలేం. కాబట్టి నాగర్‌కర్నూల్ లాంటి ముప్పై మంది ఉన్న చోట నేనైతే రిలే కూడా పెట్టను, రౌటర్‌నే అడ్రసులు ఇవ్వమంటాను. ఒకచోట కూర్చుని అన్ని లీజులూ చూసే సౌకర్యం పోతుంది, పోనివ్వండి. ఈ విషయంలో నాతో ఏకీభవించని మంచి ఇంజినీర్లున్నారు.

స్విచ్‌ల దగ్గర జాగ్రత్త

ఎవరో ఒకరు ఇంటి నుంచి చిన్న వైఫై రౌటర్ తెచ్చి, తప్పు పోర్టులో కేబుల్ గుచ్చుతారు. అది కూడా అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. మీ సర్వర్ ఎంత పెద్దదైనా, దగ్గరున్న ఆ చిన్న డబ్బా ముందే జవాబిస్తే అయిపోయినట్టే. దీనికి స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేయాలి, సర్వర్ వైపు ఉన్న పోర్టులను మాత్రమే నమ్మమని చెప్పాలి.

స్నూపింగ్‌తో పాటు సెకనుకు ఇన్ని ప్యాకెట్లే అని పరిమితి పెట్టే సౌకర్యం ఉంటుంది. అది ఒక కంప్యూటర్ ఉన్న పోర్టుకు మంచిదే. కానీ అదే పరిమితిని వైఫై యాక్సెస్ పాయింట్ ఉన్న పోర్టుకు, అంతస్తుల మధ్య లింకులకు కాపీ కొట్టేస్తారు. కరెంటు వచ్చిన మొదటి నిమిషంలో యాక్సెస్ పాయింట్ వెనకున్న అరవై ఫోన్లు ఒకేసారి అడిగేసరికి స్విచ్ దాన్ని దాడి అనుకుని పోర్టు మూసేస్తుంది. అప్పుడూ తిట్లు సర్వర్‌కే.

ఆదివారం పని

కాగితం మీద లెక్కలన్నీ అయ్యాక, అందరూ కొత్త భవనంలోకి దిగకముందే ఒక ఆదివారం పెట్టుకోండి. కియాతో పాటే పెర్ఫ్‌డీహెచ్‌సీపీ అనే టూల్ వస్తుంది. దానితో సెకనుకు వంద కొత్త అభ్యర్థనలు పంపి చూడండి, మీకు కావలసిన 60 కంటే అది ఎక్కువే. పరీక్ష అయ్యాక ఆ దొంగ లీజులన్నీ తుడిచేయడం మర్చిపోవద్దు, నేను ఒకసారి మర్చిపోయి సోమవారం పొద్దున చీవాట్లు తిన్నాను.

తర్వాత అసలు పరీక్ష, మెయిన్ ఆపడం. యూపీఎస్ మీద లేనివన్నీ ఆరిపోతాయి. పది నిమిషాలాగి మళ్లీ వేయండి. చేతిలో వాచీ పెట్టుకుని, ఏది ఎన్ని నిమిషాలకు లేచిందో రాసుకోండి: స్విచ్‌లు, సర్వర్లు, యాక్సెస్ పాయింట్లు, చివరి కంప్యూటర్. సర్వర్ కంటే కంప్యూటర్లు ముందే లేస్తే వాటికి 169.254తో మొదలయ్యే పనికిరాని అడ్రసు వస్తుంది. విండోస్ ఐదు నిమిషాలకోసారి మళ్లీ ప్రయత్నిస్తుంది కానీ ఆ ఐదు నిమిషాల్లో మీకు యాభై ఫోన్లు వస్తాయి. సర్వర్లను, కోర్ స్విచ్‌ను ఎక్కువసేపు నిలిచే యూపీఎస్ మీద పెడితే ఆ గొడవే ఉండదు. కొటేషన్‌లో మిగిలిన డబ్బు ఆ బ్యాటరీలకు పెట్టండి.

మెయిన్ ఆపే ముందు ఎలక్ట్రీషియన్‌కు, సెక్యూరిటీకి ఫోన్ చేసి చెప్పండి. నేను ఒకసారి చెప్పకుండా ఆపాను. వాచ్‌మన్ టీ ఫ్లాస్కుతో లిఫ్టులో ఉన్నాడు.